మైదానం పనివాళ్ల శిక్షణ: గోల్ఫ్ క్లబ్బుల నుంచి ఉప్పల్ దాకా

2023 సెప్టెంబర్ 17న కొలంబోలో ఆసియా కప్ ఫైనల్. మన హైదరాబాద్ బౌలర్ మహ్మద్ సిరాజ్ 21 పరుగులిచ్చి 6 వికెట్లు తీశాడు. శ్రీలంక 50 పరుగులకే ఆలౌటైంది. ప్లేయర్ ఆఫ్ ది మ్యాచ్‌గా తనకు వచ్చిన 5 వేల డాలర్లను సిరాజ్ అక్కడి గ్రౌండ్స్‌మెన్‌కి ఇచ్చేశాడు. ఆ టోర్నీ పొడవునా వానే. కవర్లు పరవడం, నీళ్లు తోడడం, మళ్లీ కవర్లు లాగడంతోనే వాళ్లకి రోజులు గడిచాయి. ఆసియా క్రికెట్ కౌన్సిల్, శ్రీలంక బోర్డు కలిసి కొలంబో, క్యాండీ సిబ్బందికి మరో 50 వేల డాలర్లు ప్రకటించాయి. 2024 ఐపీఎల్ అయ్యాక మన క్రికెట్ బోర్డు కూడా పది ప్రధాన వేదికల సిబ్బందికి 25 లక్షల చొప్పున, మూడు అదనపు వేదికలకు 10 లక్షల చొప్పున ఇచ్చింది. ఉప్పల్ మొదటి జాబితాలో, విశాఖ రెండోదాంట్లో ఉన్నాయి.

ఈ గుర్తింపు సంతోషించదగిందే. కానీ బహుమతి ఏడాదికొకసారి వస్తుంది, పని రోజూ ఉంటుంది. ఆ రోజువారీ పనిని ఒక వృత్తిగా చూసి, దానికి పద్ధతిగా చదువు చెప్పాలన్న ఆలోచన ఎక్కడ మొదలైంది, మన దగ్గర ఎంతదూరం వచ్చింది అన్నది చూస్తే మన మైదానాల, పార్కుల పనివాళ్లకి ఇంకా అందనిదేమిటో తెలుస్తుంది.

మొదట కదిలింది గోల్ఫ్ మైదానాల పనివాళ్లు. క్లబ్బుల దగ్గర డబ్బు ఉండేది, గడ్డి చెడితే సభ్యులు ఊరుకునేవాళ్లు కాదు. 1926లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, టొలీడో దగ్గర కొందరు గ్రీన్‌కీపర్లు, అంటే గోల్ఫ్ గడ్డిని చూసుకునేవాళ్లు, కూడి జాన్ మోర్లీ నాయకత్వంలో తమకంటూ ఒక జాతీయ సంఘం పెట్టుకున్నారు. ఆ మరుసటి ఏడాదే, 1927లో, మసాచుసెట్స్ వ్యవసాయ కళాశాలలో లారెన్స్ డికిన్సన్ అనే అధ్యాపకుడు గ్రీన్‌కీపర్ల కోసం శీతాకాలపు బడి తెరిచారు. చలికాలంలో మంచు కప్పేశాక గోల్ఫ్ మైదానాల్లో పని ఉండదు. ఆ ఖాళీ వారాల్లోనే మట్టి, గడ్డి జాతులు, తెగుళ్లు, ఎరువులు పాఠాలుగా చెప్పారు. పనివాడి క్యాలెండర్ చూసి బడి వేళ పెట్టడం ఈ కథలో నాకు బాగా నచ్చిన సంగతి. ఆ బడి వారసత్వం మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో ఈనాటికీ నడుస్తోంది.

ఇంగ్లండ్‌లో 1929లో బింగ్లీ అనే ఊళ్లో గోల్ఫ్ గడ్డి మీద పరిశోధనకు ఒక బోర్డు వెలిసింది. 1951లో అది పేరు మార్చుకుని అన్ని క్రీడల మైదానాలకూ పనికొచ్చే పరిశోధన సంస్థ అయింది. 1934లో గ్రౌండ్స్‌మెన్ సొంత సంఘం ఏర్పడింది. నేటి గ్రౌండ్స్ మేనేజ్‌మెంట్ అసోసియేషన్ అదే. అక్కడ సంఘం ముందు, సర్టిఫికెట్ తర్వాత. చదువు కావాలని పనివాళ్లే అడిగారు.

మన దగ్గర కథ పరువు పోయిన చోట మొదలైంది.

1997 క్రిస్మస్ రోజున ఇండోర్ నెహ్రూ స్టేడియంలో భారత్, శ్రీలంక వన్డే మూడు ఓవర్లకే ఆగిపోయింది. బంతి ఎటు లేస్తుందో బ్యాట్స్‌మన్‌కి అంతుబట్టలేదు. ఆ మైదానంపై నిషేధం పడింది. భారత బోర్డులో పిచ్‌ల వ్యవహారం ఒక పద్ధతికి రావడం ఆ కాలంలోనే. దల్జీత్ సింగ్ అప్పటినుంచి 2019లో రిటైరయ్యేదాకా ఆ పనిలోనే ఉన్నారు. ఆయన పాత రంజీ వికెట్ కీపర్. ముంబై వాంఖెడేలో సుధీర్ నాయక్ మాజీ టెస్ట్ ఓపెనర్, బెంగళూరు చిన్నస్వామిలో కస్తూరిరంగన్ పాత మైసూర్ ఆటగాడు. ఆటను వదలలేక మట్టి పని నేర్చుకున్న ఇలాంటివాళ్లే మన దగ్గర క్యూరేటర్, అంటే పిచ్ తయారీకి పెద్ద, అన్న హోదాని నిలబెట్టారు. వాళ్ల కింద రోలర్ నడిపేది, గడ్డి కోసేది, పైపు పట్టేది మాలీలు. పెద్దవాడు చేస్తుంటే చిన్నవాడు చూసి నేర్చుకోవడం, అంతే.

తర్వాతి దెబ్బ ఢిల్లీలో తగిలింది. 2009 డిసెంబర్ 27న ఫిరోజ్‌షా కోట్లాలో మళ్లీ శ్రీలంకతోనే వన్డే. కొత్తగా వేసిన పిచ్ ఇంకా కుదురుకోలేదు. 24వ ఓవర్లో మ్యాచ్ ఆపేశారు. 2010 చివరిదాకా కోట్లాకి అంతర్జాతీయ మ్యాచ్‌లు బంద్. బోర్డు తన పిచ్‌ల కమిటీనే రద్దు చేసింది. ఆ తర్వాతి ఏళ్లలో క్యూరేటర్లకు శిక్షణ, పరీక్ష, సర్టిఫికెట్ అనే వరుస మొదలైంది. 2018 నుంచి ఐసీసీ డీమెరిట్ పాయింట్లు కూడా వచ్చాయి. పిచ్ బాగాలేకపోతే వేదిక ఖాతాలో పాయింట్లు పడతాయి, అవి పెరిగితే సస్పెన్షన్. క్రికెట్ సంఘాలకు టెన్షన్ మొదలైంది, క్యూరేటర్ విలువ పెరిగింది.

అయితే ఈ చదువు ఎక్కువగా క్యూరేటర్ దగ్గరే ఆగింది. పిచ్ తయారయ్యేది మాత్రం పదిమంది చేతుల్లో. రోలింగ్‌నే తీసుకోండి. నల్లరేగడి అయినా ఎర్రమట్టి అయినా బంకపాలు ఉన్న నేల తగిన పదునులో, అంటే సరైన తడిలో, ఉన్నప్పుడే గట్టిగా అణుగుతుంది. తడి ఎక్కువైతే మట్టి రోలర్‌కి అంటుకుని పైపొర లేచిపోతుంది. ఆరిపోయాక తొక్కిస్తే పైన గట్టి, లోపల గుల్ల. ఆ పదును ఉండేది కొద్ది గంటలే. దాన్ని పట్టుకోవాల్సింది రోలర్ మీద కూర్చున్న మనిషి. గడ్డి కూడా అంతే. మైదానాల్లో వేసే బెర్ముడా మన గరికే, వినాయకుడికి పెట్టే గరికే. వాడే రకాల్లో చాలావరకు మెరుగుపరచిన సంకరాలు. అమెరికాలోని టిఫ్టన్ పరిశోధన కేంద్రం 1960లో ఇచ్చిన టిఫ్‌వే 419 వాటిలో పేరున్నది. ఒక్క కోతలో ఆకు ఎత్తులో మూడో వంతుకి మించి తీయకూడదు. గడ్డి కోసే మోవర్ బ్లేడ్ మొద్దుబారితే ఆకు తెగదు, చిరుగుతుంది, గడ్డి కొసలన్నీ తెల్లబారుతాయి. ఇవేవీ పెద్ద డిగ్రీ అడిగే విషయాలు కావు. ఎందుకో ఒకసారి కూర్చోబెట్టి చెబితే చాలు, ఆ మనిషి చేతిలో పని మారిపోతుంది.

మందుల సంగతి ఇంకా ముఖ్యం. 1971 నాటి పురుగుమందుల నిబంధనలు మందు తయారుచేసేవాళ్లు, పంపిణీదారులు, చల్లించే ఆపరేటర్లు తమ పనివాళ్లకి రక్షణ దుస్తులివ్వాలని, జాగ్రత్తల్లో శిక్షణ ఇవ్వాలని చెబుతున్నాయి. అర్ధ శతాబ్దం దాటిన మాట ఇది. అయినా ముక్కుకి తువ్వాలు చుట్టుకుని పార్కుల్లో మందు కొట్టే మనిషి మనకు కొత్త కాదు.

రెండు తెలుగు రాష్ట్రాల్లో పై మెట్లు ఉన్నాయి. వెంకటరామన్నగూడెంలో, సిద్దిపేట జిల్లా ములుగులో ఉద్యాన విశ్వవిద్యాలయాలున్నాయి. పదో తరగతి తర్వాత రెండేళ్ల ఉద్యాన డిప్లొమా ఉంది. ఐటీఐల జాతీయ జాబితాలో పూలతోటలు, ల్యాండ్‌స్కేపింగ్ కలిసిన ట్రేడ్ ఉంది. పదో తరగతి దాటని, ఇరవై ఏళ్లుగా పార్కులోనే పనిచేస్తున్న మాలీకి ఇవి అందవు. అలాంటివాళ్ల కోసమే, 2013లో వచ్చిన జాతీయ నైపుణ్య అర్హతల చట్రం కింద, అప్పటికే తెలిసిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే దారి ఒకటి పెట్టారు. అది పనికొచ్చే దారే. కాకపోతే ఉన్న నైపుణ్యానికి ముద్ర వేస్తుంది తప్ప, మందు మోతాదు, మోవర్ సర్వీసు లాంటి తెలియని సంగతులు పెద్దగా నేర్పదు.

మసాచుసెట్స్ లాగా ఖాళీ కాలం చూసి బడి పెడదామన్నా మనకు కుదరదు. వానాకాలంలో మ్యాచ్‌లుండవు గానీ గడ్డి ఎక్కువ పెరిగేదీ, పిచ్‌లు బాగుచేసుకునేదీ అప్పుడే. కాబట్టి మైదానంలోనే, పని వేళల్లోనే, కూలి పోకుండా నేర్పాలి. పార్కుల పని చాలాచోట్ల ఏజెన్సీల చేతిలో ఉంది, మనిషి మారితే నేర్చుకున్నదీ పోతుంది. టెండర్ కాగితంలో మోవర్లు ఎన్ని, మనుషులు ఎందరు అని రాస్తున్నప్పుడు, వాళ్లలో సర్టిఫికెట్ ఉన్నవాళ్లు ఎందరు, వాళ్లకి అదనంగా ఎంత ఇస్తారు అన్న రెండు గడులు కూడా పెట్టొచ్చు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, మున్సిపల్ కమిషనర్ స్థాయి నిర్ణయం చాలు.