పాత చీరతో బొంత కుట్టుకోవడం ఎలా

చిరంజీవులైన మనుమలకు, మనుమరాళ్ళకు అమ్మమ్మ ఆశీస్సులు.

పెట్టెలో దాచిన నా పాత నూలు చీరలతో బొంత ఎలా కుట్టుకోవాలో చెప్పమని మీరు అడిగారు. కుట్టుపని అనగానే మీకు సూదీ దారమూ గుర్తుకు వస్తాయి. కానీ బొంత బాగా కుదరడమైనా, చెడిపోవడమైనా చాలావరకు సూది పట్టకముందే, బట్టను ఎంచుకుని నేల మీద పరిచేటప్పుడే తేలిపోతుంది. అందుకే ఆ పని గురించే ఎక్కువగా రాస్తున్నాను.

ఏళ్ళ తరబడి ఉతికి కట్టిన నూలు చీర అప్పటికే మెత్తబడి, కుంచించుకుపోవలసినంత కుంచించుకుపోయి, దిగవలసిన రంగంతా దిగిపోయి ఉంటుంది కనుక బొంతకు అంతకంటే మంచి బట్ట లేదు. పెళ్ళైన కొత్తలో నేను తెల్ల పంచెల మీద పెద్దగా వాడని ఎర్ర చీర ముక్కను వేసి బొంత కుట్టాను. మొదటి ఉతుకులోనే తెలుపంతా గులాబీ మరకలైంది, పది రోజుల శ్రమ పాడైపోయింది. అప్పటినుంచి ఏ బట్టనైనా ఒక మూల తడిపి, తెల్ల గుడ్డతో గట్టిగా ఒత్తి చూసిన తరువాతే తీసుకుంటున్నాను. మీరూ అలాగే చేయండి. జరీ అంచు ఉంటే ఒంటికి గుచ్చుకుంటుంది, దాన్ని కత్తిరించి తీసేయండి. పాలిస్టర్ చీర చెమట పీల్చదు, పైగా కుట్టేటప్పుడు పొరల మధ్య జారిపోతుంది. ఏది నూలో తెలియకపోతే ఒక పోగు లాగి, అమ్మ దగ్గరుండగా కాల్చి చూడండి. నూలుపోగు కాగితంలా కాలి మెత్తని బూడిద అవుతుంది, పాలిస్టర్ పోగు కరిగి గట్టి ఉండ కడుతుంది.

మొదటిసారి కనుక ఒకే చీరతో చిన్న బొంత కుట్టండి. సాధారణంగా చీర పొడవు 5.5 మీటర్లు, వెడల్పు సుమారు 115 సెంటీమీటర్లు ఉంటుంది. దాన్ని పొడవులో సగానికి, మళ్ళీ సగానికి మడిస్తే, కత్తెర పెట్టకుండానే 4 పొరలతో సుమారు 137 సెంటీమీటర్ల పొడవున్న బొంత తయారవుతుంది. రెండు పక్కలా నేత అంచులే వస్తాయి కాబట్టి అక్కడ పోగులు ఊడవు. చీర రెండు కొసలూ కలిసిన చోట మాత్రం అంగుళం మేర లోపలికి మడిచి కుట్టుకోవాలి. పొరల మధ్య నిలిచిన గాలే మనకు వెచ్చదనం ఇస్తుంది కనుక, చలి ఎక్కువగా ఉండే ఊళ్ళో ఉన్నవాళ్ళు రెండు చీరలు వేసుకోవచ్చు.

ఇక పరవడం. నేలను శుభ్రంగా తుడిచి, ఆరిన తరువాత మడిచిన చీరను పరిచి, నాలుగు మూలలా బరువుకు ఇత్తడి చెంబులు పెట్టండి. తరువాత అరచేతితో మధ్య నుంచి అంచుల వైపుకు సాఫు చేస్తూ పోవాలి. ఒక చివర మొదలుపెట్టి రెండో చివరకు కుట్టుకుంటూ పోతే, అడుగు పొరల్లో ఎక్కడో ఉన్న చిన్న వదులు సూది ముందు పోగవుతూ పోగవుతూ, చివరికి విప్పితే తప్ప పోని ముడతగా మిగులుతుంది. అందుకే ముందుగా మధ్య నుంచి నాలుగు వైపులకూ, ఆపైన మధ్య నుంచి నాలుగు మూలలకూ జానెడు దూరానికొకటిగా పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేసి పొరలను నిలబెట్టుకోవాలి. ఆ కచ్చా కుట్లకు వేరే రంగు దారం వాడితే చివరలో తీసేయడం తేలిక. పరిచిన బట్టను ఒకసారి పైకెత్తి చూడడం మరచిపోకండి, కింద చాప ఉంటే దాన్ని కూడా కలిపి కుట్టేసేవాళ్ళు ఎందరో.

అసలు కుట్టుకు నూలు దారమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే పాత బట్ట కంటే దారం మరీ గట్టిదైతే ముందుగా బట్టే తెగుతుంది. మూరన్నర కంటే పొడవు దారం తీసుకోకండి, చిక్కు పడుతుంది. దారాన్ని తేనెమైనం ముక్క మీదుగా ఒకటి రెండుసార్లు లాగితే పురి విడిపోకుండా, బట్టలో సులువుగా దూరుతుంది. గీతలు గీసుకోవడానికి అరిగిపోయిన సబ్బు బిళ్ళ చాలు, ఉతకగానే ఆ గుర్తులు పోతాయి. గీతకూ గీతకూ మధ్య రెండు వేళ్ళ ఎడం ఉంచి, సూదికి ఒకేసారి మూడు నాలుగు కుట్లు ఎక్కించి, అప్పుడు దారం లాగండి. బిగించి లాగితే బట్ట ముడుచుకుపోతుంది, కాబట్టి ప్రతి వరుస చివరా వేలితో ఒకసారి దువ్వి వదులు సరిచేయండి. మొదటి ముడిని చిన్నగా గుంజితే పై పొరను దాటి లోపలికి దిగి కనపడకుండా పోతుంది.

మిషన్ మీద కుట్టాలనుకునే వాళ్ళు 16 నంబరు సూది వేసి, కుట్టును పొడవుగా పెట్టుకోవాలి. బట్టను నొక్కిపట్టే మిషన్ పాదాన్ని పైకెత్తి ఉంచే దారం ఎక్కించాలి, లేకుంటే దారం దాన్ని బిగించి పట్టే చిన్న పళ్ళేల మధ్యకు దిగదు. అడుగున దారం ఉచ్చులు ఉచ్చులుగా వస్తే, అడుగు దారం చుట్టిన బాబిన్‌ను తిట్టకుండా పై దారాన్నే మళ్ళీ ఎక్కించి చూడండి.

ముక్కలు కలిపి కుట్టాలన్న సరదా కూడా మీకు కలగవచ్చు. పొందిక లేని దేనినైనా మనవాళ్ళు అతుకుల బొంత అంటారు గానీ, పొందిక లేకపోతే అతుకుల బొంత కుదరనే కుదరదు. ప్రతి ముక్కలోనూ నిలువు పోగు నిలువుకే రావాలి, ఏటవాలుగా కోసిన ముక్క సాగి పక్కదాన్ని లాగేస్తుంది. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ తెగ స్త్రీలు కుట్టే కవంది అనే బొంతను చూస్తే ఈ నేర్పు ఎంత గొప్పదో తెలుస్తుంది. వాళ్ళు ఒక మూలన మొదలుపెట్టి, అంచు వెంట చుట్టూ తిరుగుతూ, ముక్కలు చేర్చుకుంటూ మధ్యకు వస్తారు. నేను మధ్య నుంచి అంచుకు సాఫు చేయమన్నాను, వాళ్ళేమో అంచు నుంచి మధ్యకు కుడతారు. కుడుతూ కుడుతూనే ముక్కలను మడిచి సర్దుకుంటారు కనుక వాళ్ళకది సాగుతుంది. బెంగాల్‌లో పాత చీరలతో కుట్టే కాంథా అనే బొంతల్లో అయితే పాత చీర అంచుల నుంచి లాగిన రంగు పోగులనే దారంగా వాడేవారు.

తడిసిన బొంత చాలా బరువెక్కుతుంది, పిండేటప్పుడు ఇద్దరు చెరో కొస పట్టుకోండి. కుడుతూ ఆపిన ప్రతిసారీ సూదులు లెక్కపెట్టుకోవాలి, మీ ఇంట్లో పాకే పాప ఉంది. కచ్చా కుట్లు వేయడం పూర్తయ్యాక ఫోటో పంపండి. ముడత ఎక్కడైనా కనిపిస్తే, అసలు కుట్టు మొదలుపెట్టక ముందే చెబుతాను.

ఇట్లు,
మీ అమ్మమ్మ