చవక రికార్డుల్లో రొమాంటిక్ పియానో కన్చెర్టోలు: అపోహలు - వాస్తవాలు

పాత రికార్డులు కొని అమ్మడం నా వ్యాపారం. పియానో కన్చెర్టోల (ఆర్కెస్ట్రాతో కలిసి పియానో ప్రధానంగా సాగే పాశ్చాత్య రచనల) కోసం వచ్చేవాళ్లలో చాలామంది ముందు అట్ట మీది కంపెనీ ముద్ర చూస్తారు, తర్వాత ధర చూస్తారు. వాయించినదెవరో అన్నిటికన్నా చివర చూస్తారు. కానీ ధర చెప్పేది వ్యాపారం సంగతి ఒక్కటే: ఎప్పుడు తీశారు, ఖర్చు రాబట్టుకున్నారా, ఏ దారిన అమ్మారు. వాయిద్యం సంగతి చెవితోనే తేలాలి. దుకాణంలో తరచూ వినిపించే మాటలు కొన్ని చూద్దాం.

అపోహ: పిండి కొద్దీ రొట్టె. తక్కువ ధర అంటే రెండో తరగతి కళాకారులు.

వాస్తవం: ఒకప్పుడు పెద్ద కంపెనీలు విడిగా చవక ముద్రలు నడిపేవి. కొలంబియాకు ఒడిస్సీ, ఆర్‌సీఏకు విక్ట్రోలా, అమెరికాలో ఈఎంఐ కంపెనీ రికార్డులకు సెరాఫిమ్ ఉండేవి. పూర్తి ధరకు అమ్ముడై కొంత పాతబడిన రికార్డింగునే కొత్త అట్ట వేసి ఈ ముద్రల కింద దించేవారు. పియానిస్టు లియాన్ ఫ్లైషర్ 1960లో జార్జ్ సెల్ నడిపిన క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాతో వాయించిన గ్రీగ్, షూమన్ అనే స్వరకర్తల కన్చెర్టోలు ఒడిస్సీలోకి అలాగే వచ్చాయి. ఆ తర్వాత కొన్నేళ్లకే ఫ్లైషర్ కుడిచేతి వేళ్లు పట్టు తప్పాయి. దశాబ్దాల పాటు ఎడమచేతి రచనలకే పరిమితమయ్యాడు. అంటే రెండు చేతులూ నిండు బలంతో ఉన్న రోజుల ఫ్లైషర్ ఆ చవక అట్టలో ఉన్నాడు.

నన్నడిగితే ఇంతకన్నా పెద్ద ఉదాహరణ అమెరికన్ పియానిస్టు ఎర్ల్ వైల్డ్. 1965లో రష్యన్ స్వరకర్త రాఖ్మానినోవ్ నాలుగు కన్చెర్టోలనూ లండన్‌లో రాయల్ ఫిల్‌హార్మోనిక్‌తో వాయించాడు. కండక్టర్ యాషా హోరెన్‌స్టైన్. తీయించింది రీడర్స్ డైజెస్ట్, అమ్మింది తపాలా ద్వారా. పత్రికవాళ్లు పంపే పెట్టె కదా, అల్మారాలో అలంకారానికని చూసి పక్కన పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ శబ్దం పట్టిన కెన్నెత్ విల్కిన్సన్ డెకా కంపెనీలోకెల్లా పేరున్న ఇంజినీరు, పట్టిన చోటు రికార్డింగులకు పేరుపడ్డ కింగ్స్‌వే హాలు.

రెండో కన్చెర్టో మొదలు ఒకసారి వినండి. ముందు పియానో ఒక్కటే, దూరపు గంటలా మెల్లగా మొదలై, ఒక్కో స్వరసమూహానికీ బరువు పెంచుకుంటూ పోతుంది. 1959లో వార్సాలో రష్యన్ పియానిస్టు రిహ్టర్ దీన్ని ఎంతో నిదానంగా, ఒక్కో మెట్టు దగ్గర ఆగి చూసుకుంటున్నట్టు వాయించాడు. అదీ గొప్పదే. వైల్డ్ ఆగడు. 1929లో రాఖ్మానినోవ్ స్వయంగా వాయించిన రికార్డు విన్నా ఆ నడకే. ఆ తర్వాత పాట వయొలిన్లకూ వయోలాలకూ క్లారినెట్‌కూ పోతుంది. పియానో కింద అలల్లా తిరుగుతూ తోడు మాత్రమే ఇస్తుంది. చాలా రికార్డుల్లో పియానో మైకును మింగేసి ఆ పాటను వెనక్కి నెట్టేస్తుంది. ఇక్కడ తీగల మీది పాట ముందుంటుంది, పియానో వేళ్లూ వినిపిస్తాయి.

అపోహ: అడుగున గురగుర వినిపిస్తోంది, రికార్డు పాడైనట్టే.

వాస్తవం: కాకపోవచ్చు. కింగ్స్‌వే హాలు అడుగున లండన్ భూగర్భ రైళ్లు నడిచేవి. అక్కడ తీసిన రికార్డింగుల్లో మెల్లని ఘట్టం వచ్చినప్పుడు ఆ మోత వినిపించడం మామూలే. టర్న్‌టేబుల్‌ను తప్పు పట్టే ముందు, అదే చోట సీడీలోనూ వస్తుందేమో చూసుకోండి.

అపోహ: కత్తిరింపులున్న రికార్డు కొనకూడదు.

వాస్తవం: వైల్డ్ మూడో కన్చెర్టోలో కొన్ని భాగాలు లేవు, నిజమే. కానీ 1939-40లో కండక్టర్ ఆర్మండీతో తన మూడో కన్చెర్టోను రికార్డు చేసినప్పుడు రాఖ్మానినోవ్ కూడా కోతలు పెట్టుకున్నాడు. పూర్తి పాఠం కావాలంటే మరొకటి కొనండి, దీన్ని మాత్రం వదులుకోకండి.

అపోహ: చవక కంపెనీలు అందరికీ తెలిసిన నాలుగు రచనలనే తిప్పి తిప్పి అచ్చేశాయి.

వాస్తవం: వ్యవహారం తలకిందులుగా జరిగింది. పెద్ద కంపెనీలు చైకోవ్‌స్కీ మీద చైకోవ్‌స్కీ తీస్తున్న కాలంలో, హెన్సెల్ట్, మోష్కోవ్‌స్కీ, షార్వెంకా, లిటోల్ఫ్ అనే మరుగునపడ్డ స్వరకర్తల పేర్లు మళ్లీ వినిపించేలా చేసింది వాక్స్ అనే చిన్న అమెరికన్ కంపెనీ. వాయించినవాడు మైకేల్ పోంటి. హెన్సెల్ట్ ఎఫ్ మైనర్ కన్చెర్టో అంటే పియానిస్టులకు హడల్. చేతులు చాచి చాచి నొప్పి పుట్టే రచన అది. పోంటి దాని మీదికి దూకుతాడు. తోడుగా ఉన్న ఫిల్‌హార్మోనియా హంగారికా, 1956 తిరుగుబాటు తర్వాత హంగరీ విడిచి వచ్చిన సంగీతకారుల ఆర్కెస్ట్రా.

లోపాలు దాచను. వాక్స్ వారి ఆర్కెస్ట్రాలు చాలాచోట్ల పల్చగా వినిపిస్తాయి, పోంటి వెనక పరుగెత్తలేక ఆయాసపడతాయి. ఖర్చు తగ్గించడానికి ఒక్కో వైపున ముప్పై నిమిషాలకు దగ్గరగా, కొన్నిసార్లు దాటించి కూడా కుక్కేవారు. రికార్డు మీద ముల్లు నడిచే గాళ్లు ఇరుకైతే శబ్దం చిన్నబోతుంది, కాబట్టి గీతలు పడిన ప్రతి వద్దు. ఇవే రచనలు 1991లో మొదలైన హైపీరియన్ అనే బ్రిటిష్ కంపెనీ వారి వరుసలో మరింత శుభ్రంగా దొరుకుతాయి. అయినా హెన్సెల్ట్ విషయంలో నా ఓటు పోంటికే. ఆ తెగింపు తర్వాతివాళ్లలో నాకు కనబడలేదు.

అపోహ: స్టీరియో అని ఉంటే మంచిది, మోనో (శబ్దమంతా ఒకే దారిలో పట్టినది) అయితే దండగ.

వాస్తవం: పాత చవక అట్టల మీద 'ఎలక్ట్రానిక్ పద్ధతిలో స్టీరియోగా మార్చినది' అన్న అర్థం వచ్చే సన్నని అక్షరాలుంటే జాగ్రత్త. మోనో రికార్డింగులో మంద్రాన్ని ఒక పక్కకూ తారాన్ని మరో పక్కకూ తోసి, కొంచెం ప్రతిధ్వని కలిపిన సరుకు అది. పియానో గదంతా పాకినట్టుంటుంది. 1947లో రుమేనియా పియానిస్టు లిపాటి వాయించిన గ్రీగ్ కన్చెర్టోను అచ్చమైన మోనోలో వినండి. రెండు నిమిషాల్లో శబ్దం పాతదన్న సంగతే మరిచిపోతారు.

అపోహ: ఎవరు వాయించారో అట్ట మీదే ఉంటుంది కదా.

వాస్తవం: ఒక్కోసారి ఉండదు. లిపాటి 1950లో ముప్పై మూడేళ్లకే పోయాడు, రికార్డులు కొద్దిగానే మిగిల్చాడు. అందుకే 1960లలో అతని పేరుతో షోపాన్ మొదటి కన్చెర్టో రాగానే అభిమానులు పోటీపడి కొన్నారు. అమెరికాలో అది సెరాఫిమ్ ముద్ర మీదే వచ్చింది. ఆ వాయిద్యం పోలెండ్ పియానిస్టు హలీనా చెర్నీ-స్టెఫాన్‌స్కాదని 1981లో తేలింది. 1949 షోపాన్ పోటీలో మొదటి బహుమతి పంచుకున్న మనిషి ఆవిడ, వాయిద్యానికి వంక పెట్టేదేమీ లేదు. నిజం బయటపడ్డాక ఆ రికార్డును చిన్నచూపు చూసినవాళ్లు, ముందు రోజు దాకా విన్నది ఏమిటో వాళ్లే చెప్పాలి. నా దగ్గరికి అది వస్తే, అట్ట మీద ఆవిడ పేరు రాసిన చీటీ అంటిస్తాను. ధర మార్చను.