ఫుకుషిమా వైపు తుపాను కదిలినప్పుడు

2011 మే నెలాఖరు. ఆ ఏడాది రెండో తుపాను సాంగ్డా ఒకినావా దీవుల మీదుగా జపాన్ వైపు వస్తోంది. అప్పటికి ఫుకుషిమా దాయిచి అణువిద్యుత్ కేంద్రంలో భూకంపం, సునామీల వల్ల ప్రమాదం జరిగి రెండున్నర నెలలే అయింది. హైడ్రోజన్ పేలుళ్లకు 1, 3, 4 నంబరు భవనాల పైభాగాలు ఎగిరిపోయి, వంకర్లు తిరిగిన ఇనుప దూలాలు ఆకాశానికి తెరుచుకుని ఉన్నాయి. ఆ శిథిలాల నిండా రేడియోధార్మిక ధూళి. కరిగిన ఇంధనం మీదికి రబ్బరు గొట్టాలతో నీళ్లు పంపుతున్నారు. కేంద్రాన్ని నడిపే టెప్కో కంపెనీ గాలివానకు తగిన ఏర్పాట్లు ఇంకా పూర్తి కాలేదని ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. ధూళి ఎగరకుండా శిథిలాల మీద జిగురులాంటి రసాయనాన్ని చల్లుతూ, వీలైనంత మేర పూత పూసే ప్రయత్నం చేసింది.

తుపాను దారిని చూపించే మ్యాపును ఆ నాలుగు రోజులూ పదే పదే తెరిచి చూసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ గీత కొంచెం ఎడమకు జరిగితే బాగుండును, కుడికి జరిగితే బాగుండును అనుకుంటూ గడిపాను. చివరికి సాంగ్డా హోన్షూ దీవిని చేరేలోపే బలహీనపడిపోయింది. వాన మాత్రం గట్టిగానే పడింది.

ఆ తర్వాతి సంవత్సరాల్లో జపాన్‌కు ఎన్నో తుపాన్లు వచ్చాయి. ఒక్కో దాని తర్వాత ఏం జరిగిందో చదువుతూ వచ్చాక ఒక విషయం అర్థమైంది. మొదట్లో నేను భయపడాల్సిన దాని గురించి తక్కువగా, అక్కర్లేని దాని గురించి ఎక్కువగా భయపడ్డాను. తుపాను అనగానే మనకు తోచేది గాలి: గోడలు కూల్చే గాలి, విషాన్ని మోసుకుపోయే గాలి. దెబ్బతిన్న అణుకేంద్రాన్ని అసలు సతాయించేది నీరు. ఆ నీటికి, కేంద్రానికి మధ్య నిలబడినవి చాలావరకు ఆదరాబాదరాగా కట్టుకున్న తాత్కాలిక ఏర్పాట్లు.

ముందు గాలి సంగతి చూద్దాం. ఆ రోజుల్లో అందరి దిగులూ నాలుగో నంబరు భవనం గురించే. ప్రమాద సమయానికి ఆ రియాక్టర్ తనిఖీ కోసం ఆగి ఉంది. అందులోని ఇంధనమంతా తీసి పై అంతస్తులోని నీటి తొట్టిలో పెట్టారు. మొత్తం 1,535 ఇంధన కట్టలు, వాటి చుట్టూ సుమారు 1,400 టన్నుల నీరు, ఇదంతా పగిలిన భవనంలో భూమికి చాలా ఎత్తున. ఈ స్థితిలో తుపాను కొడితే భవనం ఒరిగిపోదా?

లెక్క వేస్తే కొంత ఊరట దొరుకుతుంది. సెకనుకు 50 మీటర్ల వేగంతో, అంటే గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి చదరపు మీటరు గోడ మీద సుమారు 150 కిలోల బరువంత ఒత్తిడి పెడుతుంది. 50 మీటర్ల పొడవు, 50 మీటర్ల ఎత్తు ఉన్న గోడ అనుకుంటే మొత్తం తోపు దాదాపు 400 టన్నులు. వినడానికి పెద్ద సంఖ్యే. కానీ ఆ కాంక్రీటు కట్టడం బరువు పదుల వేల టన్నులు. 2011 మార్చి 11 భూకంపంలో ఆ ప్రాంగణంలో నమోదైన నేల త్వరణం భూమ్యాకర్షణలో సగానికి మించింది. పదుల వేల టన్నుల బరువును అంత త్వరణంతో కుదిపితే భవనం మీద పడే అడ్డబలం పది వేల టన్నులు దాటుతుంది. ఆ కుదుపును ఆ భవనం తట్టుకుని నిలబడింది. ఆ తర్వాత జరిగిన పేలుడు దాన్ని బాగా దెబ్బతీసిన మాట నిజమే. అయినా గాలి తోపుకూ, భూకంపం తోపుకూ పోలికే లేదు. పైగా 2011 వేసవిలోనే తొట్టి అడుగున ఉక్కు స్తంభాలు, కాంక్రీటు పెట్టి బలపరిచారు. 2013 నవంబరులో మొదలుపెట్టి 2014 డిసెంబరు నాటికి 1,535 కట్టలనూ ఒక్కటి కూడా మిగల్చకుండా బయటికి తీశారు. ఆ వార్త చదివిన రోజు నా గుండెల మీది బరువు దిగింది.

ఇంధనం కరగడం గురించిన భయానికి వస్తే, అక్కడ చూడాల్సింది సమయం. రియాక్టర్‌ను ఆపేసినా లోపలి పరమాణువులు విచ్ఛిన్నమవుతూ వేడిని ఇస్తూనే ఉంటాయి. ఆపిన క్షణంలో అది పూర్తి శక్తిలో ఆరేడు శాతం. ఒక రోజు గడిచేసరికి ఒక శాతంలోపు. ఆపైన ఏళ్ల తరబడి నెమ్మదిగా తగ్గుతూ పోతుంది. 2011 వసంతంలో నాలుగో తొట్టిలోని ఇంధనం రెండు మెగావాట్లకు కొంచెం పైన వేడిని ఇస్తోంది. ఆ వేడికి రోజుకు సుమారు 70 టన్నుల నీరు ఆవిరైపోతుంది. ఆ నష్టాన్ని పూడ్చడానికి 58 మీటర్ల చెయ్యి ఉన్న కాంక్రీటు పంపు వాహనాన్ని తెచ్చి, పైనుంచి నీళ్లు పోసేవారు. అక్కడివాళ్లు దానికి జిరాఫీ అని పేరు పెట్టుకున్నారు. ఈదురుగాలిలో అంత చెయ్యిని పైకెత్తి నిలబెట్టడం కుదరదు. కానీ 1,400 టన్నుల నీటిలో రోజుకు 70 టన్నులు పోతే, ఒకటి రెండు రోజులు నీళ్లు పోయకపోయినా ఇంధనం బయటపడదు. తుపాను అంతకంటే ముందే దాటిపోతుంది. కరిగిన ఇంధనం ఉన్న 1, 2, 3 రియాక్టర్లకు మాత్రం ఆ తొలినాళ్లలో ఇంత వెసులుబాటు లేదు. నీటి సరఫరా ఆగితే గంటల్లోనే మళ్లీ అందించాల్సి వచ్చేది. ఇప్పుడు అక్కడా వేడి బాగా తగ్గింది.

అలాగైతే భయం దేనికి? దీనికి నాకు కనిపించిన మంచి జవాబు ఒక ఎలుక.

2013 మార్చి 18న ఫుకుషిమాలో కరెంటు పోయింది. 1, 3, 4 నంబరు భవనాల ఇంధన తొట్లను, అన్ని రియాక్టర్ల వాడిన ఇంధనాన్ని ఉంచే ఉమ్మడి తొట్టిని చల్లబరిచే పంపులు ఆగిపోయాయి. అన్నీ మళ్లీ నడవడానికి దాదాపు 29 గంటలు పట్టింది. తుపాను లేదు, భూకంపం లేదు. ఒక ఎలుక స్విచ్‌బోర్డులో దూరి షార్ట్ సర్క్యూట్ చేసింది. ఆ స్విచ్‌బోర్డు ఉన్నది ఒక లారీ వెనక. ప్రమాదం జరిగిన కొత్తల్లో తొందరలో అలా పెట్టి కరెంటు ఇచ్చారు. రెండేళ్లయినా అది అక్కడే ఉంది. నాలుగో తొట్టిలో నీరు 65 డిగ్రీల పరిమితిని చేరడానికి నాలుగు రోజుల దాకా పడుతుందని అంచనా, కాబట్టి వెంటనే ముప్పేమీ లేకపోయింది. కానీ తొట్టి ఎంత గట్టిదైనా, దాన్ని చల్లగా ఉంచే కరెంటు లారీ మీద ఉంటే ఆ తొట్టి భద్రత లారీపాటిదే.

పాడవని కేంద్రానికి తుపాను వస్తే ఎలా ఉంటుందో చెప్పడానికి అమెరికాలోని టర్కీ పాయింట్ మంచి ఉదాహరణ. 1992 ఆగస్టు 24న ఆండ్రూ హరికేన్ ఫ్లోరిడాలోని ఆ కేంద్రం మీదుగానే వెళ్లింది. అది అత్యధికమైన ఐదో శ్రేణి తుపాను. సిబ్బంది ముందే రియాక్టర్లను ఆపేశారు. బయటి నుంచి వచ్చే కరెంటు ఐదు రోజులకు పైగా లేదు. ప్రాంగణంలో చాలా వస్తువులు ధ్వంసమయ్యాయి. అయినా డీజిల్ జనరేటర్లు నడిచాయి, రియాక్టర్లు క్షేమంగా ఉన్నాయి. మందపాటి గోడలు, అదనపు జనరేటర్లు, మూసిన పైపులు అన్నీ ఉన్నచోట ఉంటే ఐదో శ్రేణి తుపానును కూడా తట్టుకోవచ్చు. ఇవేవీ ఉన్నచోట లేనప్పుడు మామూలు వాన కూడా పెద్ద పరీక్షే.

ఇక నీటి సంగతి. ఫుకుషిమా కేంద్రాన్ని 1960ల్లో కట్టినప్పుడు, అక్కడున్న సుమారు 35 మీటర్ల ఎత్తైన కొండవాలును తవ్వి రియాక్టర్లకు 10 మీటర్ల ఎత్తులో చదును నేల తయారుచేశారు. కొండల నుంచి సముద్రం వైపు సాగే భూగర్భజలం దారిలోకే భవనాలు దిగాయి. ప్రమాదం తర్వాత పగుళ్లలోంచి ఆ నీరు భూగర్భ గదుల్లోకి రోజుకు సుమారు 400 టన్నుల చొప్పున రావడం మొదలైంది. అక్కడ కరిగిన ఇంధనాన్ని తాకిన నీటితో కలిసి అదీ కలుషితమవుతుంది. దాన్ని తోడి, శుద్ధి చేసి ట్యాంకుల్లో దాచారు. ట్యాంకులు పెరిగి పెరిగి వెయ్యి దాటాయి.

గోడల పగుళ్లన్నీ పూడ్చేస్తే సరిపోదా అని నాకూ అనిపించింది. అక్కడ ఒక చిక్కు ఉంది. లోపలి కలుషిత నీటి మట్టం కంటే బయటి భూగర్భజల మట్టం ఎప్పుడూ ఎక్కువగా ఉండాలి. అలా ఉన్నంతవరకు పగుళ్లలోంచి నీరు లోపలికి వస్తుందే తప్ప బయటికి పోదు. అంటే నీరు లోపలికి కారడమే ఒక రకంగా రక్షణ. భారీ వాన కురిస్తే బయటి మట్టం పెరుగుతుంది, కారడం ఎక్కువవుతుంది, తోడాల్సిన నీరు పెరుగుతుంది. ఇంజినీర్లు ఈ రెండు మట్టాల మధ్య తేడాను రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉంటారు. తుపాను రాత్రి వాళ్లు ఆ అంకెలనే చూస్తూ కూర్చుంటారని తలుచుకుంటే నాకు ఇప్పటికీ టెన్షన్‌గా ఉంటుంది.

2013 వర్షాకాలంలో ఇదంతా ఒక్కసారిగా బయటపడింది. ఆగస్టులో ఒక ట్యాంకు నుంచి 300 టన్నుల తీవ్ర కలుషిత నీరు కారిపోయినట్టు తేలింది. అవి ఉక్కు పలకలను బోల్టులతో బిగించి, మధ్యలో రబ్బరు పట్టీలు పెట్టి కట్టిన ట్యాంకులు. వెల్డింగ్ చేసే తీరిక లేక అలా కట్టారు. వాటి చుట్టూ 30 సెంటీమీటర్ల ఎత్తు కాంక్రీటు గట్టు ఉంది. కానీ వాననీరు నిలవకుండా గట్టు కవాటాలను తెరిచి ఉంచారు. అందువల్ల కారిన నీరు గట్టు లోపల ఆగలేదు. అడుగున తడి కనిపిస్తే అది వానా, లీకా అని తెలుసుకోవడం కూడా కష్టమైంది.

సరే, కవాటాలు మూశారు. సెప్టెంబరు 16న మాన్-యీ తుపాను వచ్చింది. ఇప్పుడు గట్ల లోపల వాననీరు నిండిపోయి పొర్లే స్థితి. ఒక హెక్టారు నేల మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే ఆ నీటి బరువు 1,000 టన్నులు. ఆ పెద్ద ట్యాంకుల్లో ఒక్కోటి పట్టేదీ వెయ్యి టన్నులే! ఎన్ని ట్యాంకులు కట్టినా తుపాను వానను పట్టి దాచడం సాధ్యం కాదు. టెప్కో ఆ నీటిని పరీక్షించి, స్ట్రాన్షియం అనే రేడియోధార్మిక పదార్థం లీటరుకు 30 బెక్వెరెల్ (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) పరిమితి లోపే ఉందని చెప్పి 1,130 టన్నులు బయటికి వదిలేసింది. అక్టోబరు మొదట్లో మళ్లీ వానలు. గట్ల నీటిని ట్యాంకుల్లోకి ఎక్కించి, ఖాళీ మిగల్చకుండా అంచుదాకా నింపబోయారు. ఆ ట్యాంకుల వరస వాలు నేల మీద ఉంది. పల్లం వైపు ట్యాంకు ముందే నిండి 430 లీటర్లు పొర్లిపోయాయి.

430 లీటర్లు చిన్న పరిమాణమే. కానీ నాకు ఇది 300 టన్నుల లీకు కంటే బాగా గుర్తుండిపోయింది. అక్కడ ఎవరూ నిర్లక్ష్యంగా కూర్చోలేదు. వానకు భయపడి, ఉన్న ప్రతి అంగుళం వాడుకోవాలని తాపత్రయపడే క్రమంలో జరిగిన పొరపాటు అది.

ఆ తర్వాత చాలా మారింది. బోల్టుల ట్యాంకుల స్థానంలో వెల్డింగ్ ట్యాంకులు వచ్చాయి. గట్ల ఎత్తు పెంచారు. వాన నేలలోకి ఇంకకుండా ప్రాంగణంలో ఎక్కువ భాగాన్ని పూతతో కప్పేశారు. నాలుగు భవనాల చుట్టూ 1.5 కిలోమీటర్ల పొడవున, 30 మీటర్ల లోతున, 1,568 గొట్టాల్లో మైనస్ 30 డిగ్రీల ద్రవాన్ని తిప్పుతూ నేలనే గడ్డకట్టించారు. 2016 మార్చిలో మొదలైన ఈ మంచు గోడకు ప్రభుత్వం సుమారు 3,450 కోట్ల యెన్‌లు ఖర్చు చేసింది. కలుషిత నీటి ఉత్పత్తి 2015లో రోజుకు సగటున 490 టన్నులు ఉంటే, 2023కి 80 టన్నులకు తగ్గింది. శుద్ధి చేసిన నీటిని, ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) లీటరుకు 1,500 బెక్వెరెల్ లోపు ఉండేలా సముద్రపు నీటితో పలచన చేసి, 2023 ఆగస్టు 24 నుంచి విడతలుగా వదులుతున్నారు.

కేంద్రం ప్రహరీ దాటి చూస్తే కథ ఇంకోలా ఉంటుంది. ఫుకుషిమా రాష్ట్రంలో దాదాపు 70 శాతం అడవులు, కొండలు. అక్కడ పడ్డ రేడియోధార్మిక సీజియం-137 అర్ధాయువు, అంటే అది సగానికి తగ్గడానికి పట్టే కాలం, 30 సంవత్సరాలు. అది బంకమట్టి రేణువులను గట్టిగా పట్టుకుంటుంది, మామూలు వానకు అంత తేలిగ్గా కడుక్కుపోదు. కొండచరియలను కోసే వరద వస్తే మట్టితోపాటే వాగుల్లోకి దిగుతుంది. 2019 అక్టోబరు 12న హగిబిస్ తుపాను వచ్చినప్పుడు, ఊళ్లను శుభ్రం చేసి నింపిన చెత్త సంచులు కొన్ని తమురా పట్టణంలో నదిలోకి కొట్టుకుపోయాయి. అవీ తాత్కాలికంగా ఆరుబయట పెట్టినవే. పగలూ రాత్రీ పనిచేసి గడ్డి గడ్డిగా, మట్టి మట్టిగా ఏరి సంచుల్లో కట్టిన మనుషుల శ్రమ ఒక్క రాత్రిలో వరదపాలైందని తలుచుకుంటే బాధేస్తుంది.

1, 2, 3 రియాక్టర్ల అడుగున కరిగి గడ్డకట్టిన ఇంధనం సుమారు 880 టన్నులు ఉందని అంచనా. ప్రమాదం జరిగిన పదమూడేళ్లకు, 2024 నవంబరులో, రెండో నంబరు రియాక్టర్ నుంచి తొలిసారి ఒక ముక్క బయటికి తీశారు. దాని బరువు ఒక గ్రాము లోపే. మిగతాది దాదాపు అంతా అక్కడే ఉంది, భూగర్భ గదుల్లోకి నీరు ఇంకా కారుతూనే ఉంది. ఇప్పుడు ఏదైనా తుపాను జపాన్ తూర్పు తీరం వైపు తిరిగిందని తెలిస్తే గాలి వేగం తర్వాత చూస్తాను. ముందు చూసేది ఆ మూడు రోజుల్లో అక్కడ ఎన్ని మిల్లీమీటర్ల వాన పడబోతోందన్నదే.