జట్టు ఓడితే నిద్ర పట్టదెందుకు? వీరాభిమానం చుట్టూ అపోహలు - వాస్తవాలు

ఐపీఎల్ సీజన్లోనూ, ప్రపంచకప్ రోజుల్లోనూ మా కౌన్సెలింగ్ గదుల్లో ఒకే రకం మాటలు వినిపిస్తాయి. "ఆయన మ్యాచ్ పోతే అన్నం ముట్టరండీ", "మా వాడు రెండు రోజులుగా ఎవరితోనూ మాట్లాడట్లేదు". ఇంట్లోవాళ్లకి ఇది అతిగా కనిపిస్తుంది. అభిమానికి చెప్పుకోవడానికి సిగ్గు. ఇద్దరికీ పనికొచ్చే విషయాలు ఇవి.

అపోహ: ఉత్త ఆటకి అంత బాధ ఏమిటి? అంతా నటన.

వాస్తవం: నటన కాదు, ఒంట్లో జరిగే మార్పు. ఆఖరి ఓవర్లో గుండె దడ, అరచేతుల్లో చెమట, కడుపులో తిప్పడం అన్నీ అడ్రినలిన్ పని. జట్టుని ఎంతగా సొంతం చేసుకుంటే ఈ స్పందన అంత గట్టిగా ఉంటుంది. అమెరికా మనస్తత్వవేత్త రాబర్ట్ సియాల్డినీ బృందం 1976లో ప్రచురించిన అధ్యయనంలో, తమ ఫుట్‌బాల్ జట్టు గెలిచిన వారాంతం తర్వాత సోమవారం నాడు విశ్వవిద్యాలయం పేరున్న బట్టలు వేసుకొచ్చే విద్యార్థుల సంఖ్య పెరిగినట్టు తేలింది. ఉప్పల్‌లో సన్‌రైజర్స్ గెలిచిన మర్నాడు మెట్రోలో కనిపించే నారింజ జెర్సీల వెనకా ఇదే ఉంది. గెలుపుని అలా ఒంటికి తొడుక్కున్నప్పుడు ఓటమీ ఒంటికే తగులుతుంది.

నిద్ర సంగతి ఇక్కడే చెప్పాలి. రాత్రి ఏడున్నరకి మొదలైన మ్యాచ్ పదకొండు దాటాకే ముగుస్తుంది. ఒంట్లో వేడి చల్లారడానికి ఇంకో గంటైనా కావాలి. పైగా విరామంలో తాగిన టీ ఉంటుంది. కెఫీన్‌లో సగం పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, అంటే తొమ్మిదిన్నరకి తాగిన కప్పు తెల్లవారుజాము రెండున్నరకి కూడా సగం బలంతో పనిచేస్తుంటుంది. మ్యాచ్ ఉన్నరోజు సాయంత్రం ఐదు తర్వాత టీ, కాఫీ మానేయండి. ఆట అయ్యాక హైలైట్స్ పెట్టకండి, ఓడిన ఓవర్‌ని మళ్లీ చూస్తే ఒళ్లు మళ్లీ అదే స్థితికి వెళుతుంది. లైట్లు తగ్గించి, నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. ఐదు నిమిషాలు చేస్తే చాలు. వదిలే ఊపిరి పొడవుగా ఉండాలి, గుండె వేగాన్ని దించేది అదే.

అపోహ: ఎంత చిత్తుగా ఓడితే అంత బాధ.

వాస్తవం: బాధని పెంచేది స్కోరు తేడా కాదు, మన అంచనాకీ ఫలితానికీ మధ్య దూరం. 2023 ప్రపంచకప్‌లో వరసగా పది మ్యాచ్‌లు గెలిచాక నవంబరు 19న అహ్మదాబాద్ ఫైనల్ వచ్చింది. కప్పు మనదేనని అందరం తీర్మానించేసుకున్నాం. 240కి ఆలౌటయ్యాం, ఆస్ట్రేలియా ఓపెనర్ ట్రావిస్ హెడ్ 137 కొట్టాడు, కప్పు చేజారింది. అంత ఎత్తున కూర్చోబట్టే అంత దెబ్బ. 2024 జూన్ 29న బార్బడోస్‌లో టీ20 ప్రపంచకప్ ఫైనల్లో దీనికి తలకిందులు జరిగింది. దక్షిణాఫ్రికాకి 30 బంతుల్లో 30 పరుగులే కావాలి, చేతిలో ఆరు వికెట్లున్నాయి. చాలామంది ఆశ వదిలేసుకున్నారు. అక్కణ్నుంచి 7 పరుగులతో గెలిచేసరికి అర్ధరాత్రి జనం రోడ్లమీదికి వచ్చేశారు.

అందుకే మ్యాచ్‌కి ముందు ఓ పని చేయమంటాం. మీ జట్టు గెలిచే అవకాశం నూటికి ఎంతో కాగితం మీద రాయండి. ఎనభై అని రాసినా, ఓడే అవకాశం ఇరవై ఉందని మీ చేత్తో మీరే ఒప్పుకున్నట్టు. ఆశ తగ్గించుకోమని కాదు. మనసుకి రెండో దారి కూడా చూపించడం అంతే.

అపోహ: ఇంత బాధ నెలల తరబడి పోదు.

వాస్తవం: మన భావాలు ఎన్నాళ్లుంటాయో ఊహించడంలో మనం తరచూ తప్పుతాం. తిమోతీ విల్సన్, డేనియల్ గిల్బర్ట్ తదితరులు 2000లో ప్రచురించిన ప్రయోగాల్లో, మ్యాచ్ ఫలితం తమ ఆనందాన్ని ఎన్నాళ్లు ప్రభావితం చేస్తుందో ఫుట్‌బాల్ అభిమానులు ఎక్కువగా ఊహించుకున్నారు. రానున్న రోజుల్లో తాము చేయబోయే మిగతా పనుల గురించి ముందు ఆలోచించినవాళ్లు అంత పొరబడలేదు. ఓడిన రాత్రి మర్నాటి పనులు నాలుగు రాసుకోవడం ఇందుకే పనికొస్తుంది.

రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి, పనిమీద ధ్యాస దారికి రాకపోతే కారణం మ్యాచ్ ఒక్కటే కాకపోవచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఏ వేళైనా, తెలుగులో మాట్లాడొచ్చు, ఉచితం.

అపోహ: కోపం కక్కేస్తే మనసు తేలికవుతుంది.

వాస్తవం: మాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించే నమ్మకం ఇదే. బ్రాడ్ బుష్‌మన్ 2002 ప్రయోగంలో, తమని కోపం తెప్పించిన మనిషిని తలచుకుంటూ పంచింగ్ బ్యాగ్‌ని గుద్దినవాళ్లకి కోపం తగ్గలేదు, పెరిగింది. ఊరికే కూర్చున్నవాళ్లే వాళ్లకన్నా నయం. రిమోట్ విసిరేయడం, ఆటగాణ్ని ఆన్‌లైన్‌లో బూతులు తిట్టడం కూడా ఆ గుద్దుల్లాంటివే.

ఇంట్లో జరిగేది ఇంకా ఘోరం. డేవిడ్ కార్డ్, గార్డన్ డాల్ 2011లో అమెరికా ఫుట్‌బాల్ లీగ్ మ్యాచ్‌లనీ పోలీసు రికార్డులనీ పోల్చి చూశారు. గెలుస్తుందనుకున్న సొంత జట్టు ఓడిన రోజుల్లో భార్యలమీద, సహచరులమీద మగవాళ్ల దాడులు సుమారు 10 శాతం పెరిగాయి. ఓడుతుందని ముందే అనుకున్న జట్టు ఓడితే ఆ పెరుగుదల లేదు. ఇక్కడా అంచనాదే పెత్తనం. అయితే ఓటమి కొట్టడానికి సాకు కాదు. చేయి లేస్తోందనిపిస్తే ఆఖరి బంతి పడేలోపే గది వదిలి ఇరవై నిమిషాలు బయట నడవండి. మందు తాగుతూ మ్యాచ్ చూడకండి. ఇలాంటి ఇంట్లో ఉన్న ఆడవాళ్లకి 181 హెల్ప్‌లైన్ ఉంది, ప్రమాదం ముంచుకొస్తే 112.

ఆటగాణ్ని తిట్టేముందు మన హైదరాబాదీ సిరాజ్‌ని గుర్తుచేసుకోండి. 2025 జులై 14న ఇంగ్లండ్‌తో లార్డ్స్ టెస్టులో అతను అడ్డుకున్న బంతి వెనక్కి దొర్లి వికెట్లకి తగిలింది, 22 పరుగులతో ఓడాం. అదే సిరీస్ ఓవల్ టెస్టులో ఇంగ్లండ్ బ్యాటర్ హ్యారీ బ్రూక్ ఇచ్చిన క్యాచ్‌ని సిరాజ్ పట్టి బౌండరీ తాడుమీద కాలేశాడు. మర్నాడు, ఆగస్టు 4న, అట్కిన్సన్‌ని బౌల్డ్ చేసి 6 పరుగులతో గెలిపించిందీ అతనే.

అపోహ: మ్యాచ్ చూసి గుండెపోటు రావడం ఓడినప్పుడే.

వాస్తవం: గుండెకి ఫలితంతో పనిలేదు, ఉత్కంఠే చాలు. 2006 ఫుట్‌బాల్ ప్రపంచకప్ సమయంలో మ్యూనిక్ ప్రాంతంలో చేసిన అధ్యయనం ప్రకారం, జర్మనీ ఆడిన రోజుల్లో గుండె సంబంధ అత్యవసర కేసులు 2.66 రెట్లు నమోదయ్యాయి. అంతకుముందే గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవాళ్లలో నాలుగు రెట్లు. ఎక్కువ కేసులు మ్యాచ్ మొదలైన మొదటి రెండు గంటల్లోనే. ఆ టోర్నీలో ఏడు మ్యాచ్‌ల్లో జర్మనీ ఓడింది ఒక్కటే.

స్టెంట్ వేయించుకున్నవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు రాత్రి మాత్రలు టాస్ పడేలోపే వేసుకోండి, "ఈ ఓవర్ అయ్యాక" అంటే మర్చిపోతారు. భోజనం మానకండి, మిక్చర్, చిప్స్‌తో కడుపు నింపకండి, ఓవర్ ఓవర్‌కీ సిగరెట్ ముట్టించకండి. ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, ఆయాసం వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

అపోహ: నేను లేస్తే వికెట్ పడుతుంది.

వాస్తవం: చేతుల్లో లేని దానిమీద పట్టు కోసం మనసు పడే తాపత్రయం ఇది. కుర్చీ కదలకుండా కూర్చున్నందుకు నష్టం లేదు. "నువ్వు రావడం వల్లే అవుటయ్యాడు" అని పిల్లలమీద నెట్టినప్పుడే నష్టం, చిన్నవాళ్లు దాన్ని నిజంగా నమ్ముతారు.

అపోహ: ఓడిపోతోందని టీవీ కట్టేసినవాడు అసలు అభిమానే కాదు.

వాస్తవం: సన్‌రైజర్స్ 2024 ఏప్రిల్ 15న బెంగళూరుమీద 287 కొట్టి, మే 26 ఫైనల్లో 113కే ఆలౌటైంది. ఆ ఫైనల్ చివరిదాకా చూడలేక లేచిపోయినవాళ్లూ అభిమానులే. తట్టుకోలేనప్పుడు లేవడం ఆరోగ్యం. ఒంటరిగా చూడకపోవడం మరీ మంచిది. డల్లాస్‌లోనో బే ఏరియాలోనో ఒక్కరే గదిలో కూర్చుని చూసే కుర్రాళ్లు కనీసం ఒక స్నేహితుడితోనైనా ఫోన్‌లో కలిసి చూడండి, జట్టు అభిమానం ఇచ్చే పెద్ద మేలు ఆ తోడే.

అపోహ: ఏడ్చే పిల్లాడికి "ఆటేగా, ఊరుకో" అంటే సరిపోతుంది.

వాస్తవం: అలా అంటే వాడు ఏడుపు ఆపడు, మీ ముందు ఏడవడం ఆపుతాడు. పక్కన కూర్చుని "చాలా ఆశపడ్డావు కదరా" అనండి. పది నిమిషాలు ఏడవనివ్వండి. తర్వాత ఆ మ్యాచ్‌లో వాడికి బాగా నచ్చిన షాటో క్యాచో అడగండి. మర్నాడు సాయంత్రం బ్యాటూ బంతీ తీసుకుని వాడితో మైదానానికి వెళ్లండి.