పన్నెండేళ్ల పిల్లాడి చిరాకు వెనక

ఎనిమిదో తరగతి పిల్లాడు మొన్నటిదాకా బడి నుంచి రాగానే బ్యాట్ పట్టుకుని పరుగెత్తేవాడు. ఇప్పుడు స్నేహితులు వచ్చి పిలిచినా కదలడు. చిన్న మాటకే కస్సుమంటాడు. పొద్దున్నే కడుపునొప్పి అంటాడు, డాక్టరు చూస్తే ఏమీ ఉండదు. "పొగరెక్కింది, బడి ఎగ్గొట్టడానికి నాటకాలు" అని ఇంట్లో తేల్చేస్తారు. మూల కూర్చుని ఏడవడమే డిప్రెషన్ అనుకుంటాం కాబట్టి ఆ అనుమానమే రాదు.

పిల్లల్లో దిగులుకు బదులు చిరాకే పైకి కనిపించవచ్చు. మానసిక జబ్బుల్ని గుర్తించడానికి వైద్యులు వాడే డీఎస్ఎం-5 అనే పుస్తకం కూడా ఈ మాటే చెబుతుంది. అయితే ఒక పూట కోపం డిప్రెషన్ కాదు. కనీసం రెండు వారాలపాటు, దాదాపు రోజంతా చిరాకుగానో దిగులుగానో ఉండి, లేదా ఇష్టమైన ఆటలు కూడా వదిలేసి, వాటితోపాటు నిద్ర, ఆకలి, ఏకాగ్రత దెబ్బతింటే ఆలోచించాల్సిందే.

యవ్వనం రాకముందు ఆడపిల్లల్లో, మగపిల్లల్లో డిప్రెషన్ ఇంచుమించు సమానమే. ఆ తర్వాత ఆడపిల్లల్లో దాదాపు రెట్టింపవుతుంది. కారణం హార్మోన్లు మాత్రమే కాదు. తోటివాళ్లకంటే ముందే పెద్దమనిషైన అమ్మాయికి ముప్పు ఇంకా ఎక్కువ. ఒళ్లు మారుతుంటే చుట్టూ చూపులూ మారతాయి. ఆటలు మానమంటారు. పదకొండేళ్ల మనసు వాటిని మోయగలదా అని ఎవరూ అడగరు.

ఈ వయసులో నిద్ర తెచ్చే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది. పదకొండింటికి కూడా నిద్ర రాని పిల్లని తెల్లవారకముందే స్టడీ అవర్‌కి లేపడం క్రమశిక్షణ అనిపించుకోదు. నిద్ర తగ్గేకొద్దీ డిప్రెషన్ ముప్పు పెరుగుతుందని ఏళ్ల తరబడి పిల్లల్ని గమనించిన పరిశోధనలు చెబుతున్నాయి.

వంశపారంపర్యం మాటేమిటి? తల్లికో తండ్రికో డిప్రెషన్ ఉంటే పిల్లలకు ముప్పు రెండు మూడు రెట్లు ఎక్కువ. న్యూజీలాండ్‌లోని డునెడిన్ నగరంలో చిన్నప్పటి నుంచి పెద్దయ్యేదాకా గమనించిన వాళ్ల మీద 2003లో వచ్చిన అధ్యయనం, మెదడులోని సెరటోనిన్ అనే రసాయనానికి సంబంధించిన ఒక జన్యువు కష్టాలతో కలిస్తే డిప్రెషన్ ముప్పు పెరుగుతుందంది. పెద్ద పేరొచ్చింది. 2019లో లక్షల మంది డేటా పరిశీలిస్తే అది నిలబడలేదు. ఒక్క జన్యువు కాదు, ఎన్నో జన్యువులు తలా కాస్త ముప్పు పెంచుతాయి. వాటిని మార్చలేం. దెబ్బలు, ఇంట్లో తాగుడు గొడవలు, లైంగిక వేధింపులు, క్లాసులో ఏడిపించడం, మార్కుల టెన్షన్ మాత్రం మన చేతుల్లోనివే.

బిహార్‌లోని నలందా జిల్లాలో జరిగిన పని చూశాక ఆ నమ్మకం నాకు బలపడింది. గోవాకు చెందిన సంగత్ సంస్థ 2015లో అక్కడి 74 హైస్కూళ్లలో 'సెహర్' అనే ప్రయోగం మొదలుపెట్టింది. కొన్ని బడుల్లో మామూలు డిగ్రీ చదివి శిక్షణ పొందిన 'సెహర్ మిత్ర'లను పెట్టారు. ఇంకొన్నిటిలో అదే పని టీచర్లకు అప్పగించారు. పిల్లలు తమ బాధ చీటీ మీద రాసి పెట్టెలో వేయవచ్చు. వేధింపుల గురించి బడి మొత్తం మాట్లాడుకుంటుంది. గోడపత్రికలు వేస్తారు. అవసరమైన పిల్లలతో మిత్ర విడిగా కూర్చుంటారు. మిత్రలున్న బడుల్లో వాతావరణం మెరుగుపడింది, ఏడిపించడం తగ్గింది, డిప్రెషన్ లక్షణాలూ తగ్గాయి. 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రిక ఈ ఫలితాలు ప్రచురించింది. టీచర్లు నడిపిన బడుల్లో మాత్రం తేడా రాలేదు. మార్కులు వేసే మనిషికి పిల్లలు మనసు విప్పడం కష్టమేనని నాకనిపిస్తుంది.

ఇంట్లో అనుమానం వస్తే తిట్టడం ఆపి, పక్కన కూర్చుని అడగండి. "చచ్చిపోవాలనిపిస్తోందా, నాన్నా?" అని సూటిగానే అడగవచ్చు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం నిజం కాదు. అవునంటే ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. లక్షణాలు తక్కువగా ఉన్నప్పుడు కౌన్సెలింగ్‌తోనే చాలామంది కోలుకుంటారు, తీవ్రమైతే మందులూ ఉన్నాయి. ఎవరిని కలవాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఇరవైనాలుగు గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.