ఎంపైర్స్ 4 బాగుందా లేదా: నెట్ సెంటర్ల నాటి నుంచి నడుస్తున్న తగువు

ఊరు కట్టి, సైన్యం పెంచి అవతలివాణ్ణి కొట్టే కంప్యూటర్ ఆట ఏజ్ ఆఫ్ ఎంపైర్స్. అందులో నాలుగోది, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 4, వచ్చింది 2021 అక్టోబరు 28న. కొత్తదని ఎవరూ అనరు గానీ, ఆ వరుసలో నంబరు ఉన్న ఆటల్లో ఇప్పటికీ అదే ఆఖరిది, అందుకని భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు పండక్కి దిగే పాత బ్యాచ్‌లు ఎక్కడ కూడినా తగువు దాని మీదే. "అనుకున్నంత లేదురా బావా" అని ఒకడు, "నువ్వు సరిగ్గా ఆడితే కదా" అని ఇంకొకడు. వినగా వినగా నాకు అర్థమైంది ఏంటంటే, ఇద్దరూ 4 గురించి మాట్లాడుతున్నాం అనుకుంటారు గానీ సగం మాటలు 1999లో వచ్చిన 2 గురించి, ఇంకాస్త 2005 నాటి 3 గురించి. ఆ రెండిటి సంగతీ తెలియకపోతే 4 మీద వచ్చిన తిట్లూ అర్థం కావు, పొగడ్తలూ అర్థం కావు.

మొదటి ఎంపైర్స్ 1997 అక్టోబరులో వచ్చింది. డల్లాస్‌లోని ఎన్‌సెంబుల్ స్టూడియోస్ తయారు చేసింది, మైక్రోసాఫ్ట్ అమ్మింది. దాని రూపకర్తల్లో బ్రూస్ షెల్లీ అంతకుముందు సిడ్ మియర్‌తో కలిసి 1991 నాటి సివిలైజేషన్ అనే ఆటకి పనిచేసినవాడు. కాబట్టి రాతి యుగం నుంచి మొదలెట్టి ఒక్కో యుగం దాటుకుంటూ పోవడం అనే చరిత్ర వాసన అటు నుంచి వచ్చింది, వంతులు లేకుండా అందరూ ఒకేసారి పరిగెత్తే పద్ధతి వార్‌క్రాఫ్ట్ లాంటి ఆటల నుంచి వచ్చింది. 1999 సెప్టెంబరు 30న రెండోది, ఏజ్ ఆఫ్ కింగ్స్, 13 నాగరికతలతో (అంటే ఆడేవాడు ఎంచుకునే జాతులు, రాజ్యాలు) దిగింది. 2000 ఆగస్టులో కాంకరర్స్ అనే అదనపు భాగంతో ఇంకో 5 కలిశాయి. మన వైపు ఎవరైనా ఉత్తినే "ఎంపైర్స్" అన్నారంటే ఈ 18 నాగరికతల కాంకరర్స్ అనే లెక్క.

డెల్టాలో అది అంతలా పాతుకుపోవడానికి కారణం ఆట గొప్పతనం ఒక్కటే కాదు, సిస్టమ్‌లు. పెంటియం 166, 32 ఎంబీ ర్యామ్, హార్డ్ డిస్క్‌లో 200 ఎంబీ ఖాళీ ఉంటే చాలు, ఆడేస్తుంది. 2000 తర్వాత టౌన్‌కి నాలుగైదు చొప్పున వెలిసిన నెట్ సెంటర్లలో ఉన్నవి అసెంబుల్డ్ డబ్బాలే. ఎంసెట్ రిజల్ట్స్ రోజున కిటకిటలాడి మిగతా రోజుల్లో ఖాళీగా ఉండే ఆ సిస్టమ్‌లకి గిరాకీ తెచ్చింది ఆటలే. ఓనరు ఎక్కడి నుంచో ఒక రాసిన సీడీ తెచ్చేవాడు, అన్నిటిలోకీ కాపీ కొట్టేవాడు. ఒక సిస్టమ్‌లో 1.0సీ ప్యాచ్ (ఆటకి వచ్చిన సవరణ) ఉండి పక్కదాంట్లో లేకపోతే లాన్‌లో, అంటే సిస్టమ్‌లని కలిపే కేబుల్ నెట్‌వర్క్‌లో, కలిసేది కాదు, అదేంటో తెలియక కేబుల్ పీకి పెట్టడం, స్విచ్ బాక్స్ మీద చరచడం, ఓనర్ని "అన్నా, ఇది కనెక్ట్ అవట్లేదు" అని పిలవడం. అన్నీ కుదిరి యుద్ధం మంచి ఊపులో ఉండగా కరెంటు పోయేది. యూపీఎస్ కూతేసేలోపు సేవ్ కొట్టాలన్న జ్ఞానం ఎవడికీ ఉండేది కాదు.

అక్కడ ఆడిన తీరు కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే తర్వాత గొడవకి ఇదే మూలం. డబ్బులు గంటకింత అని. పది నిమిషాల్లో ఎవడైనా వచ్చి టౌన్ సెంటర్ (ఊరి నడిబొడ్డు కట్టడం) కూల్చేస్తే ఓడినవాడు మిగతా గంట గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి. అందుకని ముందే ఒప్పందం ఉండేది: ఇరవై నిమిషాల దాకా ఎవరూ ఎవరి మీదికీ పోకూడదు. కాబట్టి అందరూ గోడలు కట్టుకునేవాళ్ళు, మిల్లు చుట్టూ పొలాలు పరుచుకునేవాళ్ళు, పొలం చౌడైపోతే 60 కలప పోసి మళ్ళీ విత్తుకునేవాళ్ళు. సార్వా, దాళ్వా చూసిన పిల్లలకి అది వేరే నేర్పక్కర్లేదు. కోటలు లేచాక, ఏనుగులో గుర్రాలో గుంపులుగా తయారయ్యాక, అప్పుడు అసలు కొట్లాట. చాట్‌లో 11 కొడితే ఆ వెకిలి నవ్వు, 14 కొడితే ఆట మొదలెట్టమని అరుపు. ఒంటరిగా ఆడితే దొంగదారి కోడ్‌లు ఉండేవి: 'చీజ్ స్టేక్ జిమ్మీస్' అని కొట్టి ఆహారం, 'హౌ డూ యూ టర్న్ దిస్ ఆన్' అని కొట్టి మధ్యయుగంలోకి తుపాకుల కారు. స్పెల్లింగ్ తప్పులు పోయే ఇంగ్లీషు ఎగ్జామ్‌లో వీటికి మార్కులు పెట్టుంటే చాలామంది గట్టెక్కేవాళ్ళు.

2005 అక్టోబరులో 3 వచ్చింది. బయట ప్రపంచంలో దాని మీద వచ్చిన ఫిర్యాదులు వేరు: కాలం వలసపాలన రోజులకి మారింది, సొంతూరి నుంచి సరుకు దిగే కార్డుల పద్ధతి పెట్టారు, అందరూ యూరప్ వాళ్ళే (8 నాగరికతలూ అవే), ఇది మా ఎంపైర్స్ కాదు అని. మన దగ్గర అంతదూరం పోలేదు. దానికి 64 ఎంబీ వీడియో కార్డు కావాలి, నెట్ సెంటర్ డబ్బాల్లో ఉన్నది మదర్‌బోర్డు మీది గ్రాఫిక్స్. కొన్ని చోట్ల అసలు తెరుచుకోలేదు, కొన్ని చోట్ల తెరుచుకుని హ్యాంగ్ అయింది. 2007లో 3కి వచ్చిన ఏషియన్ డైనాస్టీస్ అనే అదనపు భాగంలో భారతీయుల్ని పెట్టారన్న సంగతి కూడా ఇక్కడ చాలామందికి చేరనేలేదు. అప్పటికే కుర్రాళ్ళు కౌంటర్ స్ట్రైక్ వైపూ వైస్ సిటీ వైపూ మళ్ళారు. నా ఉద్దేశంలో 3 చెడ్డ ఆట కాదు, దాని ఫిరంగులు గోడల్ని కూల్చే తీరు ఇప్పటికీ చూడముచ్చటగా ఉంటుంది. కానీ అది డెల్టాలో ఆడి నచ్చక వదిలేసిన ఆట కాదు, ఆడకుండానే వదిలేసిన ఆట. దాంతో మన జ్ఞాపకంలో 2 మీద ఇంకో పొర పడలేదు, 1999 దగ్గరే ఆగిపోయింది.

తర్వాత కథ చకచకా సాగింది, ఎక్కువగా దిగువకే. ఎన్‌సెంబుల్‌ని మూసేస్తున్నట్టు 2008లో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది, హేలో వార్స్ అనే ఆట పూర్తి చేసి 2009 జనవరిలో వాళ్ళు తలుపులేశారు. 2011లో వచ్చిన ఎంపైర్స్ ఆన్‌లైన్ 2014లో ఆగిపోయింది. ఈ మధ్యకాలంలో 2ని బతికించింది కంపెనీ కాదు, అభిమానులు. వూబ్లీ, గేమ్ రేంజర్ లాంటి ఆన్‌లైన్ వేదికల్లో కలుసుకుని ఆడుతూనే ఉన్నారు. కొందరు కలిసి ఫర్‌గాటెన్ ఎంపైర్స్ అని సొంతంగా కొత్త నాగరికతలతో ఒక అదనపు భాగమే తయారుచేసి వదిలారు. 2013లో స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల అంగట్లో 2 హెచ్‌డీ రూపంలో వచ్చాక మైక్రోసాఫ్ట్ ఆ అభిమానుల పనినే అధికారికంగా తీసుకుంది. ఆ అదనపు భాగం చేసిన కుర్రాళ్ళు చివరికి కంపెనీ పెట్టి అదే ఆటకి పనిచేశారు. ఈ మలుపు ముఖ్యం. 4 పోటీ పడాల్సింది చచ్చిపోయి ఫోటోకి దండ వేసిన ఆటతో కాదు, ఏటా కొత్త బట్టలు కట్టుకుంటున్న ఆటతో.

4ని 2017 ఆగస్టులో జర్మనీలో గేమ్స్‌కామ్ అనే ఆటల ప్రదర్శనలో ప్రకటించారు. పని అప్పగించింది కెనడాలోని రెలిక్‌కి, కంపెనీ ఆఫ్ హీరోస్, డాన్ ఆఫ్ వార్ చేసినవాళ్ళకి. ఆ రోజు చూపించింది గీసిన బొమ్మలు, గంభీరమైన గొంతు, అంతే. ఆట ఎలా ఉంటుందో చూడ్డానికి రెండేళ్ళకి పైగా ఆగాల్సొచ్చింది. ఖాళీగా ఉంటే అభిమాని ఏం చేస్తాడు, బుర్రలో తన సొంత 4 కట్టుకుంటాడు. తీరా 2019 నవంబరు 14న లండన్‌లో మొదటిసారి ఆట దృశ్యాలు చూపించారు. విచిత్రం ఏంటంటే సరిగ్గా అదే రోజు 2 డెఫినిటివ్ ఎడిషన్ కూడా విడుదలైంది. అంటే "పాత 2నే మంచి గ్రాఫిక్స్‌తో ఇవ్వండి చాలు" అని కోరుకున్నవాడికి ఆ కోరిక 4 రాకముందే తీరిపోయింది. 4 ముందు ఇక మిగిలింది కష్టమైన పని: 2లా ఉండాలి, 2 కాకూడదు, 3లా దారి తప్పకూడదు.

2021లో బయటికొచ్చిన 4లో ఈ భయం కనబడుతుంది. యుగాలు నాలుగే, గొర్రెలు, విలేజర్లు, జనాభా 200, అన్నీ ఇంట్లో సామానే. కొత్తదనం అంతా నాగరికతల్లో పెట్టారు. 2లో అందరి సైన్యం, పరిశోధనల జాబితా దాదాపు ఒకే చెట్టు, కొమ్మలు అటూ ఇటూ నరికి ఒక ప్రత్యేక సైనికుణ్ణి ఇస్తారు. 4లో 8 నాగరికతలే గానీ ఒకదానికొకటి పొంతన లేదు. మంగోలులు ఇళ్ళే కట్టక్కర్లేదు, కట్టిన కట్టడాల్ని మూటకట్టి బళ్ళలో వేసుకుపోతారు. ఢిల్లీ సుల్తానేట్‌కి పరిశోధనలన్నీ ఉచితం, కాకపోతే నత్తనడక, మసీదుల్లో పండితుల్ని కూర్చోబెడితే వేగం పెరుగుతుంది. పొలం 75 కలప పెట్టి ఒకసారి వేస్తే ఇక చౌడు కాదు. విలుకాళ్ళు రాతిగోడ ఎక్కి నిలబడి బాణాలేస్తారు, చిన్నప్పుడు గోడ కట్టి మురిసిపోయిన ప్రతివాడూ కోరుకున్నదే ఇది.

మరి తిట్లెందుకు? కొన్ని న్యాయమైనవే. విడుదల నాటికి ర్యాంకుల పోటీ లేదు, మ్యాప్ తయారుచేసుకునే ఎడిటర్ లేదు, నచ్చిన రంగు ఎంచుకునే వీలు కూడా లేదు. లాన్‌లో "నీలం నాది" అని కొట్టుకున్నవాళ్ళకి ఆ చివరిది ఎంత మంట పెట్టిందో వేరే చెప్పాలా. నీటి యుద్ధం నీరసంగా ఉంది. చుట్టూ కాలవలూ సముద్రమూ ఉన్న ఊళ్ళ వాళ్ళు కావడం వల్లో ఏమో గానీ ఐలాండ్స్ మ్యాప్ అంటే మన బ్యాచ్‌లకి ప్రాణం, వాళ్ళు అక్కడే 4ని మూసేశారు. ర్యాంకులూ ఎడిటరూ 2022లో వచ్చాయి, ఓడల వ్యవహారాన్ని ఆ ఏడాది చివర్లో తిరగరాశారు, ఆటోమన్లూ మాలియన్లూ ఉచితంగా కలిశారు. 2023 నవంబరులో సుల్తాన్స్ అసెండ్ అనే అదనపు భాగం వచ్చింది, బైజాంటైన్లూ జపానూ చేరారు. ఇదంతా అయ్యాక మళ్ళీ తెరిచి చూసినవాళ్ళు తక్కువ. మొదటి వారం ఏర్పడిన అభిప్రాయమే చాలామంది నోట ఇప్పటికీ నడుస్తోంది.

గ్రాఫిక్స్ మీది ఫిర్యాదు మాత్రం నాకు సగమే మింగుడుపడుతుంది. "మొబైల్ గేమ్‌లా ఉంది, బాణాలు స్తంభాలంత ఉన్నాయి" అంటారు. నిజమే, ఉన్నాయి. కానీ అదే ఆట ఐ5-6300యూ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, విడిగా కార్డు లేని ఇంటెల్ హెచ్‌డీ 520 మీద కూడా నడవాలని లెక్కేసుకుని చేశారు, అంటే ఆఫీసు లాప్‌టాప్ మీద. 3 మన దగ్గర ఎందుకు చతికిలపడిందో గుర్తున్నవాడు దీన్ని తప్పు పట్టకూడదు. ఎనిమిది మంది కలిసి పెద్ద మ్యాప్ ఆడితే ఆ లాప్‌టాప్ ఫ్యాను ధాన్యం తూర్పారబట్టినట్టు తిరుగుతుంది, అది వేరే సంగతి. డిస్క్‌లో 50 జీబీ అడుగుతుంది, అదీ నొప్పే.

అసలు అడ్డం తిరిగింది వేగం దగ్గర. నెట్ సెంటర్ ఒప్పందాలు ఆన్‌లైన్‌లో ఎవడికి తెలుసు? ర్యాంకు మ్యాచ్‌లో అయిదో నిమిషానికే బల్లేలు నీ బంగారం గని దగ్గర ఉంటాయి. గోడలేసుకుని కూర్చుందామంటే పవిత్ర స్థలాలు అని మ్యాప్‌లో ఉంటాయి, అవతలివాడు వాటన్నిటినీ పది నిమిషాలు పట్టి ఉంచితే నీ గోడ ఒక్క రాయి కూడా రాలకుండా నువ్వు ఓడిపోతావు. ఇది 4 తప్పు అనలేం, 2లో ఆన్‌లైన్‌కి వెళ్ళినా ఇదే దెబ్బ. కానీ మనవాళ్ళు 2ని స్నేహితులతో ఆడారు, 4ని అపరిచితులతో ఆడారు, ఆ తేడా మొత్తం 4 ఖాతాలో రాశారు. సొంతంగా గది పెట్టుకుని, పవిత్ర స్థలాల గెలుపు తీసేసి, పాత నలుగురూ పాత ఒప్పందంతో ఆడితే 4 చాలా బాగుంటుంది. 2021లో అది అరపచ్చిగా వచ్చింది, ఏడాది ఆగి విడుదల చేయాల్సింది. ఇప్పుడున్న 4 మాత్రం పెట్టుకున్న ఆశకి తగినదే అని నా మాట. స్టీమ్‌లో 2 ఆడేవాళ్ళే ఎక్కువ కదా అంటారా, నిజమే, ఇరవై ఏళ్ళ అలవాటూ ఏటా కొత్త నాగరికతలూ ఉన్నదాని దగ్గర జనం ఉండక ఎక్కడుంటారు.

ఇక మన ప్రాంతం లెక్కకొస్తే 2, 4 రెండూ మనకి అప్పుపడి ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో 2కి డైనాస్టీస్ ఆఫ్ ఇండియా అనే అదనపు భాగం వచ్చినప్పుడు ద్రావిడులు అని ఒక నాగరికత పెట్టారు. రాజేంద్ర చోళుడి మీద కథా యుద్ధాలు పెట్టారు, విలేజర్లు తమిళం మాట్లాడతారు. ఆ రాజేంద్రుడి అల్లుడే రాజమహేంద్రవరం ఏలిన తూర్పు చాళుక్య రాజు రాజరాజ నరేంద్రుడు, మనవడే 1070లో చోళ సింహాసనం ఎక్కిన కులోత్తుంగుడు. అయినా తూర్పు చాళుక్యుల పేరుతో నాగరికత లేదు. 4లో మొదటి నుంచీ ఉన్నది ఢిల్లీ ఒక్కటే, దానికి విడుదల నాటికి కథా యుద్ధం కూడా ఇవ్వలేదు, నార్మన్లకీ మాస్కోకీ ఇచ్చారు. 2025లో తుగ్లక్ వంశాన్ని దానికి ఇంకో రూపంగా కలిపారు. రాజమండ్రి పెద్ద మసీదు మీది శాసనం 1324 నాటిది, తుగ్లక్ సేనలు ఓరుగల్లు గెలిచి గోదావరి దాకా వచ్చినప్పటిది. కాబట్టి 4లో గోదావరి ఒడ్డుకి అన్నిటికన్నా దగ్గరగా వచ్చిన నాగరికత ఆ తుగ్లక్‌లే. వేంగి తరఫునో కాకతీయుల తరఫునో వాళ్ళని ఎదుర్కోవాలని ఉంటే ప్రస్తుతానికి ఎడిటర్ తెరిచి ఎవరిది వాళ్ళు కట్టుకోవాల్సిందే.