బారువ మీది ఆకాశానికి లైసెన్సు ఎవరిచ్చారు?

పొద్దుగూకిన కాసేపటికి, మళ్లీ వేగుచుక్క పొడిచే వేళకి ఉపగ్రహాలు కంటికి బాగా ఆనతాయి. కింద చీకటి పడినా 550 కిలోమీటర్ల ఎత్తున ఇంకా ఎండ ఉంటుంది. అర్ధరాత్రికి అవీ చాలావరకు భూమి నీడలోకి పోతాయి. శ్రీకాకుళం జిల్లా బారువ, కళింగపట్నం తీరాల్లో గొల్లకావడిని, పిల్లలకోడిని గుర్తుపట్టే పెద్దలు తలెత్తి చూసేదీ ఆ వేళల్లోనే. ఇంటర్నెట్ కోసం అమెరికా కంపెనీ స్పేస్‌ఎక్స్ కొత్తగా వదిలిన స్టార్‌లింక్ ఉపగ్రహాలు దీపాల రైలులా సాగిపోతుంటే "అదేటి బాబూ?" అని అడగరూ మరి!

1957లో తొలి ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరింది. పదేళ్లకు, 1967లో అంతరిక్ష ఒప్పందం వచ్చింది. అంతరిక్షం ఏ దేశానికీ సొంతం కాదని, ప్రైవేటు కంపెనీలు చేసే పనులకు వాటి దేశాలే బాధ్యత వహించాలని అందులో రాసుకున్నారు. రాత్రి చీకటి ఊసే లేదు. అప్పటికి ఉపగ్రహాలంటే ఎక్కువగా ప్రభుత్వాల వ్యవహారమే.

వ్యాపారం పోకడ ఎలా ఉంటుందో ఇరిడియం అనే అమెరికా కంపెనీ చూపించింది. 1998లో 66 ఉపగ్రహాలతో ఫోన్ సర్వీసు మొదలుపెట్టి, ఏడాది తిరక్కుండానే దివాలా తీసింది. వేరేవాళ్లు కొనుక్కుని నడుపుతుండగా, 2009లో వాటిలో ఒకటి పనిచేయని రష్యా ఉపగ్రహాన్ని ఢీకొంది. రెండు వేలకు పైగా ముక్కలు!

అసలు మలుపు 2018లో. అమెరికా కమ్యూనికేషన్ల కమిషన్ స్పేస్‌ఎక్స్‌కు 4,425 ఉపగ్రహాలకు అనుమతిచ్చింది. ఉపగ్రహ లైసెన్సులను అది 1986 నుంచే పర్యావరణ సమీక్ష నుంచి దాదాపుగా మినహాయించింది. 2019 మేలో మొదటి 60 వెళ్లాక వాటి మెరుపు చూసి ఖగోళ శాస్త్రవేత్తలు గగ్గోలు పెట్టారు. కంపెనీ ఒకదానికి నల్లపూత పూసింది, తర్వాత కొన్నింటికి ఎండ తగలకుండా గొడుగులు అమర్చింది. అదంతా దాని దయ, చట్టం కాదు.

మనం మాత్రం తక్కువ తిన్నామా? 2022, 2023ల్లో శ్రీహరికోట నుంచి వన్‌వెబ్ అనే బ్రిటన్ కంపెనీ ఇంటర్నెట్ ఉపగ్రహాలు 72 పంపాం, చప్పట్లు కొట్టాం. 2025లో స్టార్‌లింక్‌కూ అనుమతిచ్చాం.

అలాగని ఉపగ్రహాలే వద్దనడానికి సిక్కోలు వాళ్లకు నోరు రాదు. 2018లో తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఊడ్చేసినప్పుడు దాని జాడ ముందే పట్టినవాటిలో మన దేశపు ఇన్శాట్ ఉపగ్రహాలూ ఉన్నాయి. కానీ అవి 36,000 కిలోమీటర్ల ఎత్తున కంటికి కనపడకుండా, గుప్పెడంత సంఖ్యలో పనిచేస్తాయి. పేచీ వేల లెక్కన పంపడం దగ్గరే.

నిజానికి శ్రీకాకుళం టౌనులో చుక్కల్ని మింగేసింది ఎల్‌ఈడీ దీపాలు. వాటి సంగతి మునిసిపాలిటీని అడగొచ్చు. స్టార్‌లింక్ ఎన్ని ఉపగ్రహాలు పంపాలో తేల్చే ఆఫీసు వాషింగ్టన్‌లో ఉంది.